తేడా ఉందన్నారు సరే, సంచి ఎందుకు తియ్యాలి?

గర్భసంచి ముఖద్వారం పరీక్షలో తేడా వచ్చిందంటే కేన్సరు వచ్చేసినట్టు కాదు. ఈ ఒక్క ముక్క విడమరిచి చెప్పే నాథుడు లేక మన ఆడకూతుళ్ళు నలిగిపోతున్నారు. పిల్లల కోసం ఆసుపత్రి మెట్లెక్కిన పిల్లకు స్మియరు తీస్తారు. తేడా ఉందంటారు. కొన్నాళ్ళకు మళ్ళీ తీస్తారు, మళ్ళీ తేడా అంటారు. అదేమిటో చెప్పరు. ఇంట్లో అత్త గొడ్రాలంటుంది. వాడ మాయరోగం అంటుంది. సందు చివర నర్సింగ్ హోం "సంచి తీసేస్తే పీడా పోద్ది" అంటుంది. బిడ్డ కావాలని వెళ్ళిన మనిషికి బిడ్డ ఆశే లేకుండా చేసే ఈ సలహాని వైద్యం అనాలా?

ముందు విషయం తెలుసుకుందాం. ఈ తేడాకి కారణం ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్. కాపరం చేసే ఆడామగా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. అది చెడు నడతకి గుర్తు కాదు, మురికికి గుర్తూ కాదు. మన వాడల్ని చూసి ముక్కు మూసుకునే వాళ్ళకి ఈ మాట గట్టిగా చెప్పాలి. కడుపు నిలవకపోవడానికి కూడా సాధారణంగా ఈ తేడా కారణం కాదు. దానికి మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ వేరే పరీక్షలు చెయ్యాలి.

చిన్న తేడా అయితే ఏడాది, రెండేళ్ళలో దానంతటదే పోయేదే ఎక్కువ. మళ్ళీ మళ్ళీ పరీక్ష చేసేది అందుకే. పెద్ద తేడా అయితే కాల్పోస్కోపు అనే భూతద్దంతో చూసి, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. అవసరమైతే పాడైన పొర వరకే తీసేస్తారు. సంచి సంచిలాగే ఉంటుంది, కడుపు పండుతుంది. లోతుగా కోస్తే నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం కొంత పెరుగుతుంది. కాబట్టి "నాకు పిల్లలు కావాలి" అని డాక్టరుకి ముందే చెప్పాలి. కడుపుతో ఉన్నప్పుడు తేడా బయటపడితే భూతద్దం పరీక్ష చేయించుకోవచ్చు. కేన్సరు కాకపోతే వైద్యం మామూలుగా కాన్పయ్యేదాకా ఆపుతారు. అలాగని పరీక్ష మానేస్తే మాత్రం ప్రాణం మీదకొస్తుంది. 2022లో ఈ కేన్సరు మన దేశంలో సుమారు 80 వేల మందిని తినేసింది.

మరి సర్కారు ఏం చేస్తోంది? 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళందరికీ అయిదేళ్ళకోసారి పరీక్ష చెయ్యాలని 2016లో కేంద్రం కాగితం మీద రాసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చూస్తే, 30 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో పరీక్ష జరిగింది నూటికి ఇద్దరికి కూడా లేదు. అదే సర్వే 2015-16లో సంచి తీసేసిన ఆడవాళ్ళని లెక్కపెడితే దేశంలో మన ఆంధ్రప్రదేశే ముందుంది, నూటికి దాదాపు తొమ్మిది మంది. పరీక్షకి దొరకని ఆసుపత్రి కోతకి మాత్రం దొరికింది! దేశం మొత్తమ్మీద ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటులోనే జరిగాయి. అనవసరంగా సంచులు తీయడాన్ని ఆపాలని 2023లో సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది.

విశాఖనే చూడండి. ఉక్కునగరంలో పర్మినెంటు ఉద్యోగికి ప్లాంటు ఆసుపత్రి ఉంది. కాంట్రాక్టు కూలీకి ఈఎస్‌ఐ కార్డు ఉంటే ఉన్నట్టు, లేకపోతే కేజీహెచ్ లైనే దిక్కు. అగనంపూడిలో హోమీ భాభా కేన్సరు ఆసుపత్రి ఉంది. కానీ రోడ్లూడ్చే రెల్లి తల్లి, హార్బర్లో చేపలు మోసే తల్లి ఒక పూట మానితే ఆ పూట కూలి పోతుంది. నాలుగుసార్లు రమ్మంటే నాలుగు కూళ్ళు. తల్లి కాబోయే కూలీ మనిషి విశ్రాంతి భారం ఆమె ఒక్కదానిదే కాదని 1928లోనే బొంబాయి శాసనమండలిలో అంబేద్కర్ వాదించాడు. ఆ వాదన ఈ పరీక్షలకీ వర్తిస్తుంది.

ఇంకొకటి, సంతకం సంగతి. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా ప్రయోగం చేశారు. హాస్టళ్ళలో ఉన్న ఆదివాసీ పిల్లల తరపున వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో గొడవయ్యాక ఆపారు. టీకా మంచిదే, మేము దానికి వ్యతిరేకం కాదు. కానీ మన ఒంటి మీద ఇంకొకరి సంతకం చెల్లదు.

అందుకని మేము అడుగుతున్నాం. రిపోర్టు తెలుగులో ఇవ్వాలి, నోటితో విడమరచాలి. కాల్పోస్కోపు వైద్యం పేదలకి దగ్గర్లో, ఉచితంగా దొరకాలి. పరీక్ష రోజుకి కూలి కట్టివ్వాలి. సంచి తియ్యాలంటే రెండో డాక్టరు మాట, ఆ ఆడమనిషి ఒప్పుదల తప్పనిసరి కావాలి.

సంఘాల వాళ్ళకి ఒక మాట. వాడలో ఎవరికైనా తేడా అని రిపోర్టు వస్తే ఆమెను ఒంటరిగా పంపకండి. ఇద్దరు తోడెళ్ళండి. ఏ తేడా, ఎంత తేడా, తరవాత ఎప్పుడు రావాలి అని మూడు ప్రశ్నలు అడిగి, జవాబు కాగితం మీద రాయించుకురండి. అడగడం నేరం కాదు, మన హక్కు.