వరుసది కాదు తప్పు

విమానయాన సంస్థల్లో కో-పైలట్ కెప్టెన్ కావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతోందని, దానికి సీనియారిటీ జాబితాయే కారణమని, దాన్ని రద్దుచేసి ప్రతిభను బట్టి పదోన్నతులు ఇవ్వాలని ఒక వాదన వినిపిస్తోంది. ఆలస్యం నిజమే. చెబుతున్న కారణం మాత్రం తప్పు. సూచిస్తున్న పరిష్కారం ప్రయాణికుల భద్రతకే చేటు.

ఏళ్లు గడిస్తే చాలు కెప్టెన్ అయిపోతారన్నది అపోహ. సీనియారిటీ ఇచ్చేది శిక్షణకు వెళ్లే వంతు ఒక్కటే. మన దేశంలో 200 గంటలు నడిపితే కమర్షియల్ లైసెన్సుకు అర్హత వస్తుంది. కెప్టెన్ కావాలంటే కనీసం 1500 గంటల అనుభవం కోరే ఏటీపీఎల్ అనే పైస్థాయి లైసెన్సు ఉండాలి. ఆపైన సంస్థ పెట్టే షరతులు, సిమ్యులేటర్ శిక్షణ, ఎగ్జామినర్ ముందు పరీక్షలు. అందులో నెగ్గనివాళ్లు ఎంత సీనియర్లైనా వాళ్లకు కెప్టెన్ కూర్చునే ఎడమ సీటు దక్కదు.

ఆలస్యం ఎక్కడ పుడుతుందో అమెరికా అనుభవమే చెబుతుంది. అక్కడ విమానం, బేస్, రోస్టర్, కెప్టెన్ హోదా అన్నిటికీ సంస్థలో చేరిన తేదీయే ఆధారం. 2007 డిసెంబర్ 13న పైలట్ల విరమణ వయసు 60 నుంచి 65కు పెరిగింది. ఒక్క సంతకంతో ఖాళీలు ఆగిపోయాయి. మరుసటి ఏడాది మాంద్యం ముదిరింది, సంస్థలు విమానాలు తగ్గించుకున్నాయి. కో-పైలట్లు ఏళ్ల తరబడి కుడి సీటులోనే ఉండిపోయారు. 2020లో కరోనా వచ్చినప్పుడు సంస్థలే వేలమంది సీనియర్లను ముందస్తు విరమణతో పంపించాయి. ప్రయాణికులు తిరిగొచ్చాక, 2022, 2023లలో జాబితాలో బాగా కిందున్నవారికి కూడా కెప్టెన్ అవకాశం వచ్చింది. దాన్ని వద్దనుకున్నవారూ ఉన్నారు. కొత్త కెప్టెన్‌గా పండగ, ఆదివారం లేకుండా, పిలిస్తే వెళ్లాల్సిన రిజర్వ్ డ్యూటీ చేయడం కన్నా, సీనియర్ కో-పైలట్‌గా కోరుకున్న రోస్టర్‌తో ఇంటిపట్టున ఉండటం వాళ్లకు మేలనిపించింది. 2024లో బోయింగ్ విమానాలు సకాలంలో రాలేదు. ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్ల లోపంతో ఎన్నో ఎయిర్‌బస్‌లు నేలమీదే ఉండిపోయాయి. నవంబర్‌లో స్పిరిట్ ఎయిర్‌లైన్స్ దివాలా కోర్టుకెక్కింది. వేగం మళ్లీ పడిపోయింది.

ఇన్ని ఎగుడుదిగుళ్లలోనూ సీనియారిటీ పద్ధతి మారలేదు. మారినవి విమానాల సంఖ్య, విరమణ వయసు, సంస్థల ఆర్థిక స్థితి. రేషన్ షాపు ముందు వరుస కదలకపోతే తప్పు వరుసది కాదు, కౌంటర్‌ది.

ఇక ప్రతిభ మాట. కెప్టెన్ ప్రతిభను ఎవరు, దేనితో కొలుస్తారు? మిగిల్చిన ఇంధనంతోనా, సమయపాలనతోనా? వాతావరణం బాగాలేదని దిగకుండా మరో విమానాశ్రయానికి మళ్లించిన కెప్టెన్, అలసిపోయానని డ్యూటీ నిరాకరించిన కెప్టెన్ ఆ లెక్కల్లో వెనకబడతారు. పదోన్నతి మేనేజర్ మెప్పు మీద ఆధారపడనప్పుడే పైలట్ నిర్భయంగా కాదనగలడు, తన పొరపాటును తానే నివేదించగలడు. ఆ ధైర్యం వెనుక ఉన్నది సీనియారిటీయే.

ఈ వరుస చెదిరితే ఏమవుతుందో మనమూ చూశాం. 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనమయ్యాయి గానీ, ఎవరి వంతు ముందన్నది తేలలేదు. కొత్త బోయింగ్ డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ ఎవరికి ఇవ్వాలన్న వివాదం 2012లో 58 రోజుల సమ్మెకు దారితీసింది. నష్టపోయింది పైలట్లు, ప్రయాణికులు, ప్రజాధనం.

సీనియారిటీలో లోపం లేదని అనను. సంస్థ మూతపడితే, అమెరికాలో ఇరవై ఏళ్ల కెప్టెన్ కూడా కొత్త సంస్థలో అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి. ఇది అన్యాయమే. విలీనాల్లో జాబితాలు కలిపేందుకు ముందే స్పష్టమైన నియమాలు పెట్టాలి. కెప్టెన్ కావడానికి ఎన్నాళ్లు పట్టొచ్చో చేరేనాడే సంస్థలు నిజం చెప్పాలి. జాబితాను చెరిపేస్తే ఈ రెండూ జరగవు, కోల్పోయేది భద్రత.

పిల్లల్ని పైలట్లను చేయాలని అప్పులు చేస్తున్న తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. తొందరలోనే కెప్టెన్ అవుతాడని ఊరించేవారిని నమ్మకండి. ఏటా ఎన్ని విమానాలు వస్తున్నాయో, ఎందరు విరమిస్తున్నారో అడగండి. మీ బిడ్డ ఎడమ సీటుకు చేరేది ఎప్పుడో ఆ రెండు లెక్కలే తేలుస్తాయి.