ఆంధ్ర రంజీ జట్టు – పడమటి పల్లెలకు ఎంత దూరం?

గిద్దలూరు: సంక్రాంతి వచ్చిందంటే కోతలైన చేలలోనూ, హైస్కూలు మైదానాల్లోనూ క్రికెట్టు పందేలు జరగని ఊరు ఈ ప్రాంతంలో దాదాపు లేదు. ఐపిఎల్ జట్ల ఆటగాళ్ళ పేర్లు పిల్లలకు కంఠోపాఠం. కాని రంజీ ట్రోఫీలో మన జట్టు ఏది అని అడిగితే "హైదరాబాదు" అనేవారు ఇప్పటికీ ఉన్నారు. అది పొరపాటు. గిద్దలూరు, కంభం, మార్కాపురం కుర్రవాళ్ళు ఆడవలసింది ఆంధ్ర జట్టుకు.

ఈ జట్టుది, ఆంధ్ర రాష్ట్రానిది ఒకే ఈడు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అప్పట్లో గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. ఆంధ్ర క్రికెట్ సంఘం పుట్టింది 1953లోనే. 1953-54లో జట్టు తొలిసారి రంజీ బరిలోకి దిగింది. 1956లో రాష్ట్రాలు కలిసినా జట్లు కలవలేదు. తెలంగాణా జిల్లాలకు హైదరాబాదు, కోస్తా, రాయలసీమ జిల్లాలకు ఆంధ్ర అన్న ఏర్పాటు అలాగే నిలిచింది. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు ఉద్యోగులనూ, నీళ్ళనూ, అప్పులనూ పంచుకోవలసి వచ్చింది గాని, రంజీ జట్లను పంచుకునే పని పడలేదు.

తొలి సీజనులో ఈ జట్టుకు ఆడినవారిలో సి.కె. నాయుడు ఒకరు. 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశం ఆడిన మొట్టమొదటి టెస్టుకు కెప్టెన్ ఆయనే. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం వారిది. ఆంధ్రకు ఆడేనాటికి ఆయన వయస్సు 58 ఏళ్ళు! మనుమలను ఎత్తుకునే వయసులో ఆయన బ్యాటు పట్టుకుని దిగారు. ఇండోరు కేంద్రంగా నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచిన హోల్కర్ జట్టును చాలా ఏళ్ళు నడిపించినదీ ఆయనే.

అంతటివారు ఆడినా, ఆ తరువాతి నలభై ఏళ్ళు జట్టుకు చెప్పుకోదగ్గ చరిత్ర లేదు. దక్షిణ మండలంలో మద్రాసు, కర్ణాటక, హైదరాబాదులతో తలపడి ఓడిపోవడమే ఆనవాయితీ అయింది. హైదరాబాదు 1937-38లోనూ, 1986-87లోనూ ట్రోఫీ గెలిచింది. ఆంధ్ర ఇంతవరకు ఫైనలు కూడా చూడలేదు. 1994 జనవరిలో సికిందరాబాదులో జరిగిన ఆట మనవారు మరచిపోదామన్నా మరపుకు రానిది. హైదరాబాదు 6 వికెట్లకు 944 పరుగులు చేసింది. ఎం.వి. శ్రీధర్ ఒక్కడే 366 కొట్టాడు. రంజీ చరిత్రలో ఒక జట్టు చేసిన అత్యధిక స్కోరు అదే. ఆ రికార్డులో మన పాత్ర బంతులు విసరడం, బౌండరీల దగ్గర వాటిని ఏరుకోవడం!

గుంటూరు వికెట్ కీపరు ఎం.ఎస్.కె. ప్రసాద్ 1998లో వన్డేలు, 1999లో టెస్టులు ఆడటంతో పరిస్థితి కొంత మారింది. 2005లో విశాఖ వాసి వై. వేణుగోపాలరావు భారత వన్డే జట్టులోకి వెళ్ళాడు. అయితే ప్రసాద్ తరువాత మరో ఆంధ్ర ఆటగాడు టెస్టు ఆడటానికి 2018 దాకా పట్టింది. అతడు కాకినాడలో పుట్టిన హనుమ విహారి. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో నిలబడి, అశ్విన్‌తో కలిసి ఓటమిని తప్పించాడు. ఆ 23 పరుగులు ఎన్నో సెంచరీలకంటె మిన్న.

అప్పటి మన జిల్లాకు దక్కిన ఘనత కూడా ఉంది. 2015 ఫిబ్రవరిలో ఒంగోలు శర్మా కళాశాల మైదానంలో గోవాపై విశాఖ కుర్రవాడు కె.ఎస్. భరత్ 308 పరుగులు చేశాడు. రంజీలో ఒక వికెట్ కీపరు ట్రిపుల్ సెంచరీ చేయడం అదే ప్రథమం. భరత్ 2023లో టెస్టులు కూడా ఆడాడు. ఆ ఒంగోలులోనే 2020లో ఆంధ్ర క్వార్టర్ ఫైనలు ఆడింది. తొలి ఇన్నింగ్సులో 136 పరుగులకే కుప్పకూలి, ఆధిక్యం లెక్కన సౌరాష్ట్రకు తలవంచింది. ఆ ఏడాది ట్రోఫీ సౌరాష్ట్రదే.

తరువాతి రెండు క్వార్టర్ ఫైనళ్ళూ ఇండోరులోనే. ఒకనాడు నాయుడుగారు ఏలిన గడ్డ మనవారికి అచ్చిరాలేదు. 2023లో మణికట్టు విరిగిన విహారి ఒంటిచేత్తో, ఎడమచేతి వాటంగా బ్యాటింగు చేసినా మధ్యప్రదేశ్ నెగ్గింది. 2024లో 170 కొడితే గెలుపు. మనవారు 165 దగ్గర ఆగిపోయారు. నాలుగు పరుగుల తేడా!

ఆ ఓటమి వెంటనే రచ్చ బయటపడింది. ఆ సీజను తొలి మ్యాచి కాగానే తాను కెప్టెన్సీ వదలవలసి వచ్చిందనీ, ఒక రాజకీయ నాయకుని కుమారుడైన ఆటగాణ్ణి మందలించడమే కారణమనీ విహారి ఆరోపించాడు. ఆ ఆటగాడు దీనిని ఖండించాడు. నిజం ఎవరిదైనా, ఆడగలిగిన మనిషి 2025లో త్రిపుర జట్టుకు వెళ్ళిపోయాడు. నష్టం మాత్రం ఆంధ్రదే. అదే 2023-24 సీజనులో దేశం మొత్తంమీద అత్యధికంగా 902 పరుగులు చేసినవాడు మన రికీ భుయ్ అన్న సంగతి ఈ గొడవలో మరుగున పడింది.

ఇక 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో 114 పరుగులు చేసిన నితీశ్ కుమార్ రెడ్డి విశాఖవాడు. కొడుకు ఆట కోసం తండ్రి ఉద్యోగం వదులుకున్నాడు. ఈ పేర్లన్నీ వరుసగా చూస్తే ఒక విషయం తేటపడుతుంది. విశాఖ, గుంటూరు, కాకినాడ – అన్నీ పట్నాలే. కారణం ప్రతిభ లేకపోవడం కాదు. రంజీ ఆట గడ్డి పిచ్‌పై తోలుబంతితో ఆడేది. మన పల్లెల్లో ఆడేది టెన్నిసు బంతితో. టెన్నిసు బంతి ఎత్తుగా లేస్తుంది, గాలిలో వంకర తిరగదు. దానికి అలవాటుపడిన చెయ్యి తోలుబంతికి కుదురుకోవాలంటే చిన్ననాడే మొదలుపెట్టాలి. గడ్డి పిచ్‌కు రోలరు కావాలి, మంచి మట్టి కావాలి, రోజూ నీళ్ళు కావాలి. వేసవిలో బిందెలతో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్ళో పిచ్ తడపమని ఎవరిని అడుగుతాం? పైగా జిల్లా జట్టు ఎంపికకు ఒంగోలు వెళ్ళాలంటే సుమారు 150 కిలోమీటర్లు. మన రైలు గుంటూరుకో, నంద్యాలకో పోతుంది గాని ఒంగోలుకు పోదు. తెల్లవారుజామున బస్సెక్కి, మధ్యాహ్నపు ఎండలో పది బంతులు ఆడి, రాత్రికి ఇల్లు చేరే పిల్లవాడికి తోడుగా తండ్రి కూలి కూడా పోతుంది.

అయినా పల్లె నుంచి దారి లేకపోలేదు. కడప జిల్లాలోనే వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె గ్రామం ఉంది. ఆ ఊరి అమ్మాయి శ్రీ చరణి 2025 నవంబరు 2న ప్రపంచ కప్పు గెలిచిన భారత మహిళా జట్టులో ఎడమచేతి స్పిన్నరు. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. ప్రభుత్వం రెండున్నర కోట్ల నగదు, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. ఆడపిల్లకు ఆటలేమిటి అనేవారు ఈ లెక్క చూసుకోవచ్చు.

రంజీలో కూడా డబ్బు లేకపోలేదు. 2021 సెప్టెంబరులో పెంచిన రేట్ల ప్రకారం తుది జట్టులో కొత్తవాడికి కూడా రోజుకు 40 వేల రూపాయలు. నాలుగు రోజుల ఆటకు లక్షా అరవై వేలు. ఆ మెట్టు ఎక్కడానికి ముందు 16 ఏళ్ళలోపు వారికి విజయ్ మర్చంట్, 19 లోపు వారికి కూచ్ బిహార్, 23 లోపు వారికి సి.కె. నాయుడు పేరిట ట్రోఫీలు ఉన్నాయి. చిన్న వయసు జట్ల ఎంపికలో మణికట్టుకు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు. జనన ధ్రువపత్రం అడుగుతారు. బడిలో చేర్చేటప్పుడు నోటికొచ్చిన పుట్టిన తేదీ రాయించే అలవాటు మన ఊళ్ళలో ఇంకా పోలేదు. పిల్లవాడి చేతిలో ఎంత ఆట ఉన్నా, పత్రంలో ఒక తేదీ, బడి రిజిస్టరులో మరొక తేదీ ఉంటే ఎంపిక బల్ల దగ్గరే చిక్కువస్తుంది. కనుక తోలుబంతి కొనేముందు తల్లిదండ్రులు పంచాయతీ కార్యాలయానికి వెళ్ళి జనన నమోదు ఒకసారి సరిచూసుకోవడం మంచిది.