మాటామంతీ: విప్పి చూడనివ్వండి

పిల్లవాడు పాత రేడియో విప్పి మరమేకులన్నీ చాపమీద పరిచాడంటే మన యిళ్లలో వినిపించే మాట ఒకటే: "ముట్టుకోకు, పాడుచేస్తావు!" ఆ రేడియో పాడయి పదేళ్లయిందన్న సంగతి అప్పుడు యెవరికీ జ్ఞాపకం రాదు. ఆడపిల్ల అయితే ఆ కసురు మరికాస్త గట్టిగా వుంటుంది. ఈ మాసం మేము ఆ పిల్లల పక్షాన నాలుగు మాటలు చెప్పదలచాము.

మా ఆలోచన యిది. ఎలక్ట్రానిక్ వస్తువులంటే సరదా వున్నవాళ్లంతా నెలకొక ఆదివారం ఒకచోట కూర్చోవాలి. అందుకు భవనం అక్కర్లేదు. ఒక వసారా, ఒక బల్ల, రెండు సోల్డరింగ్ ఐరన్లు, ఒక మల్టీమీటరు చాలు. విష్ణుపురిలో 1981లో వెలసిన ఇంజనీరింగు కళాశాల మన నాందేడుకు వుండనే వున్నది. అక్కడి విద్యార్థులకు లెక్క తెలుసు, సిద్ధాంతం తెలుసు. బజారులో ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే మేస్త్రీకి కమిలిన వాసనతోనే కాలిన భాగం యేదో తెలుస్తుంది. ఈ యిద్దరూ ఒకే బల్లదగ్గర కూర్చుంటే యిద్దరికీ లాభమే. పక్కన నిలబడి చూసే పిల్లకు అంతకు మించిన లాభం. మన వూళ్లో తెలుగు, మరాఠీ, ఉర్దూ, పంజాబీ కలసి వినిపిస్తాయి గదా, భాష అడ్డుపడదా అంటారేమో. ఫ్యూజుకూ వైరుకూ అన్ని భాషల్లోనూ ఒకటే పేరు!

ఇలాంటి కూటములవల్ల ఒరిగేదేమిటని అడిగేవారూ వుంటారు. 1975 మార్చి 5న అమెరికాలోని కాలిఫోర్నియాలో, మెన్లో పార్కు అనే వూళ్లో, ఒకరి కారు షెడ్డులో ముప్ఫైమంది దాకా చేరారు. ఇంట్లో కంప్యూటరు తయారుచేసుకోవాలన్నది వారి సరదా. ఒకరు కనుక్కున్నది మరొకరికి చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఆ కూటమికి వచ్చిన వోజ్నియాక్ తన కంప్యూటరు సర్క్యూటు పటం నకళ్లను తోటివారికి వూరికే పంచిపెట్టాడు. 1976లో వెలువడిన ఆపిల్ కంప్యూటరు అదే. 2009లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో మరో రకం కూటమి పుట్టింది. పాడయిన వస్తువు పట్టుకుని వెళితే, తెలిసినవారు పక్కన కూర్చుని మన చేతనే బాగుచేయిస్తారు. ఆ పద్ధతి యిప్పుడు అనేక దేశాలకు పాకింది.

సరదాగా నేర్చిన విద్య ఆపదలో అక్కరకు వస్తుందనడానికి అంత దూరం పోనక్కర్లేదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మన పొరుగు జిల్లా లాతూరులో, కిల్లారి ప్రాంతంలో, భూకంపం వచ్చి వేలమందిని పొట్టన పెట్టుకున్నది. అప్పుడు వార్తలు అందించడానికి ప్రభుత్వం హామ్ రేడియోవారిని అక్కడికి పంపింది. హామ్‌లంటే జీతానికి పనిచేసేవారు కారు. పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, తమ సరదాకొద్దీ రేడియోలో ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్‌గారు పోర్ట్ బ్లెయిర్‌లోనే వున్నారు. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున హామ్ ప్రసారాలకోసం వెళ్లిన బృందం అది. తక్కిన సాధనాలు తెగిపోయిన ఆ వేళ దీవుల సమాచారాన్ని బయటికి చేరవేసినది ఆ చిన్న రేడియోయే. ఆ విద్య ప్రమాదం వచ్చిన రోజున నేర్చుకుంటే వచ్చేది కాదు సుమా!

మన కూటమి మొదటినాడే అంత పెద్ద పనులకు పూనుకోనక్కర్లేదు. ఇంట్లో ఫ్యాను మూలుగుతూ తిరగకపోతే చాలాసార్లు దోషం కండెన్సరుది. మార్చవలసిన కండెన్సరు కొలత దాని వొంటిమీదనే అచ్చయి వుంటుంది. రుబ్బుతూ రుబ్బుతూ మిక్సీ ఆగిపోతే, ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, అడుగున వుండే చిన్న మీట నొక్కితే తరచు మళ్లీ తిరుగుతుంది. ఈ రెండూ తెలిసిన గృహిణి యెన్నిసార్లు బజారుకు పరుగెత్తే శ్రమ తప్పించుకుంటుందో లెక్కవేయండి.

కూటమికి మేము మూడే నియమాలు కోరుతున్నాము. మొదటిది ప్రాణానికి సంబంధించినది: ప్లగ్గు తీయకుండా దేన్నీ విప్పరాదు, కరెంటు తీసినా కండెన్సరులో కొంత మిగిలి వుంటుందని మరవరాదు, సెల్‌ఫోను బాటరీని పొడవరాదు, వంచరాదు. రెండవది, తెలిసినవాడు తన చేత్తో బాగుచేసి యివ్వకూడదు. అడిగినవాడి చేతికే స్క్రూడ్రైవరు యివ్వాలి. మూడవది, యెంత చిన్న ప్రశ్న అడిగినా యెవరూ నవ్వకూడదు.

ఈ మూడవదే అన్నిటికంటె కష్టం. ఒకసారి నవ్వులపాలయిన పిల్ల రెండో ఆదివారం రాదు. ఆమె తల్లి అసలే రాదు. చివరికి అన్నీ తెలిసిన నలుగురే మిగిలి, వారూ యెవరిదారిన వారు పోతారు. కొత్తవారికోసం ఒక కుర్చీ యెప్పుడూ ఖాళీగా వుంచిన కూటమే నాలుగు కాలాలపాటు నిలుస్తుంది.

మీ అటకమీద పాత టేపురికార్డరో, పలకని ట్రాన్సిస్టరో వుండే వుంటుంది. పాతసామాన్లవాడికి వేసేముందు ఒక్కసారి ఆలోచించండి. వసారా యివ్వగలవారు, నేర్పగలవారు, నేర్చుకోదలచినవారు మన సంఘానికి కబురు చేయండి. పిల్లలను తప్పక వెంటబెట్టుకు రండి.