జీతం బాకీని అహంకారమనరాదు



ఫుట్‌బాల్ క్లబ్బులలో ఆటగాళ్లకు, మేనేజర్లకు (జట్టు ఎంపిక, శిక్షణ రెండూ చూసే ప్రధాన శిక్షకులకు), యజమానులకు మధ్య రేగే తగాదాలన్నింటికీ అహంకారమే మూలమని మీ పత్రిక గత సంచికలోని వ్యాసం తేల్చడం తొందరపాటు. తెలుగు నేల మీది ఉదాహరణే అందుకు విరుద్ధంగా ఉంది. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, రెండేళ్లు తిరిగేసరికి జీతాల బకాయిలలో కూరుకుపోయింది. కప్పు గెలిచిన ఏడాది 18 గోల్స్ కొట్టిన నైజీరియా ఆటగాడు ఓగ్బెచే బాకీ వివాదం ఫిఫా దాకా వెళ్లి, క్లబ్బుపై బదిలీ నిషేధం, అంటే కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోనివ్వని శిక్ష, పడింది. పేరున్నవారు ఒక్కొక్కరే వెళ్లిపోగా కుర్రవాళ్లతో నెట్టుకొచ్చిన జట్టు 2023-24లో 22 ఆటలలో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. ఇందులో ఎవరి అహం దెబ్బతిన్నదో వ్యాసకర్తే చెప్పాలి. కొల్లేటి చెరువులలో చేపలు పట్టిన కూలీ తన డబ్బు అడిగితే దానిని పొగరని మా ఉంగుటూరు ప్రాంతంలో ఎవరూ అనరు.

అహంకారానికి అసలు చోటే లేదని కాదు. మాంచెస్టర్ యునైటెడ్ అప్పటి మేనేజర్ ఫెర్గూసన్‌కూ, ఆ క్లబ్బులో అప్పటి పెద్ద వాటాదారు మాగ్నియర్‌కూ చెడింది రాక్ ఆఫ్ జిబ్రాల్టర్ అనే పందెపు గుర్రం దగ్గర. అయితే అక్కడా అసలు పేచీ ఆ గుర్రాన్ని జతకట్టించడం వల్ల వచ్చే ఆదాయంలో వాటా గురించే. వారికి 2004లో రాజీ కుదిరింది. హైదరాబాద్ అభిమానులకు మాత్రం రాజీపడడానికి క్లబ్బే మిగలలేదు. 2025లో అది ఢిల్లీకి తరలిపోయింది.

— ఒక పాఠకుడు, ఉంగుటూరు, ఏలూరు జిల్లా