మాడిన బల్బు.. కూలిన విమానం

చక్రాలు దిగినట్లు తెలిపే చిన్న దీపం వెలగకపోవడం వల్ల విమానం కూలిపోదు. అయితే సిబ్బంది దృష్టి అంతా ఆ దీపంపైనే నిలిస్తే పెను ప్రమాదం తప్పదని రెండు దుర్ఘటనలు నిరూపించాయి.

1972 డిసెంబరు 29 రాత్రి న్యూయార్క్ నుంచి 176 మందితో బయలుదేరిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానం మియామీని సమీపించింది. ముందు చక్రానికి సంబంధించిన ఆకుపచ్చ దీపం వెలగలేదు. సిబ్బంది ల్యాండింగ్ విరమించి, 2 వేల అడుగుల ఎత్తుకు చేరి, ఆటోపైలట్‌ను ఆశ్రయించారు. అంతవరకు సవ్యమే. అనంతరం అందరూ దీపం మరమ్మతులో నిమగ్నమయ్యారు. ఎత్తును నిలిపే ఆటోపైలట్ అమరిక వారికి తెలియకుండానే తొలగిపోయింది. హెచ్చరిక శబ్దం మోగినా ఎవరూ గుర్తించలేదు. విమానం ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలో కూలింది. 101 మంది మృతి చెందారు. చక్రం సక్రమంగానే దిగిందని, దీపంలోని రెండు బల్బులే మాడిపోయాయని దర్యాప్తులో తేలింది.

1978 డిసెంబరు 28న పోర్ట్‌లాండ్ వద్ద ఇదే పొరపాటు మరో రూపంలో పునరావృతమైంది. చక్రాల సమస్యపై సుమారు గంటసేపు గాలిలోనే తిరిగిన యునైటెడ్ 173 విమానంలో ఇంధనం అడుగంటింది. పది మంది మరణించారు. ఇంధనం తగ్గుతోందని తోటి సిబ్బంది చెప్పినా కెప్టెన్‌కు తీవ్రత అర్థమయ్యేలా గట్టిగా హెచ్చరించలేకపోయారు.

ఈ అనుభవాల నుంచే కాక్‌పిట్‌లో సమన్వయంపై ప్రత్యేక శిక్షణ రూపుదిద్దుకుంది. ఒకరు లోపాన్ని పరిశీలిస్తుంటే మరొకరు విమానాన్ని నడపడంపైనే దృష్టి నిలపాలి. కెప్టెన్ పొరబడితే కింది ఉద్యోగి సైతం నిస్సంకోచంగా చెప్పాలి. బల్బు మార్చడం సులభమే, ఈ అలవాటును నేర్పడమే కష్టం.