పుస్తకం మారింది.. సారు కూడా మారితే ఎలా?

హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలకు చదువులో ఆధారాలు రెండే. ఒకటి బడిలో సారు, రెండోది ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే పాఠ్యపుస్తకం. ఇంటి దగ్గర ఉండి చదువుకునే పిల్లవాడికి అన్నో, అక్కో, ట్యూషనో ఉండవచ్చు. మనకు ఉన్నది స్టడీ అవర్. ట్యూటర్ వచ్చినా, అన్ని తరగతుల వాళ్లూ ఒకే హాల్లో కూర్చున్నప్పుడు ఒక్కొక్కరి సందేహం తీర్చడం ఆయన ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఈ రెండు ఆధారాల్లో ఏది కదిలినా ముందు దెబ్బ తగిలేది హాస్టల్ పిల్లలకే. రెండూ ఒకేసారి కదిలితే ఇక చెప్పేదేముంది?

పుస్తకాలు మారడం మనకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో మొదలై 2014లో పదో తరగతి దాకా హైస్కూల్ పుస్తకాలన్నీ మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా ద్విభాషా పుస్తకాలు రావడం మొదలైంది. తెలంగాణలో పదో తరగతి పరీక్షకు ఒకప్పుడు 11 పేపర్లు ఉండేవి, ఇప్పుడు 6 సబ్జెక్టులకు 6 పేపర్లు. ఈ మార్పులన్నీ చెడ్డవని నేను అనను. బట్టీ పట్టడం తగ్గాలని తెచ్చినవి వాటిలో చాలా ఉన్నాయి. కానీ పుస్తకం తనంతట తాను పాఠం చెప్పదు. కొత్త పుస్తకాన్ని పిల్లవాడికి అందేలా చేసేది పాత అనుభవమే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎనిమిదో తరగతి లెక్కల్లో అకరణీయ సంఖ్యలు వస్తాయి. ఆరో తరగతిలో భిన్నాలు సరిగ్గా రాని పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. కొత్తగా వచ్చిన సారు సిలబస్ ప్రకారం మొదటి పాఠం మొదలుపెడతారు. పదిహేనేళ్లు అదే పాఠం చెప్పిన సారు మాత్రం మొదటి వారం ఆ పుస్తకమే తెరవరు. ఆరో తరగతి పుస్తకం తెప్పించి, రొట్టె ముక్కలతో, కొలత టేపుతో భిన్నాలు చెప్పి, ఆ తర్వాత అసలు పాఠంలోకి వస్తారు. మన ప్రభుత్వ బడుల్లో టీచరు పుస్తకాన్ని ఎంచుకోవడం అంటే బజారులో కొనడం కాదు. ఏ పుస్తకంలో ఏ పేజీ ముందు, ఏ పేజీ తర్వాత అని తేల్చుకోవడం. అది శిక్షణ తరగతుల్లో అయిదు రోజుల్లో వచ్చేది కాదు.

ద్విభాషా పుస్తకంలోనూ అంతే. తెలుగు పేజీతో మొదలుపెట్టి ఇంగ్లీషు పేజీకి నడిపించాలా, ముందే ఇంగ్లీషు చదివించి తెలుగుతో సరిచూడాలా అన్నది ఆ తరగతి పిల్లలను ఎరిగిన టీచరుకే తెలుస్తుంది. పుస్తకాల్లో పాఠం పక్కన క్యూఆర్ కోడ్ ముద్రిస్తున్నారు. ఫోనుతో స్కాన్ చేస్తే వీడియో వస్తుంది. ఫోను లేని హాస్టల్ పిల్లవాడికి అది ఒక నల్లటి గడి మాత్రమే. ఆ గడిలో ఉన్నది బోర్డు మీదకు తెచ్చే టీచరు ఉంటేనే దానికి విలువ.

ఇక గైడ్ల సంగతి. పాఠం అర్థం కాకపోతే పిల్లవాడు గైడ్ కొంటాడు. మెస్ బిల్లు కట్టనక్కరలేని పిల్లలం, గైడ్ కోసం మాత్రం నాన్న కూలి డబ్బులు అడుగుతాం. పాఠ్యపుస్తకం చివరి ప్రశ్నలను చాలునన్నంత చేయించి, లైబ్రరీ బీరువా తాళం తీసి ఏ పిల్లవాడికి ఏ కథల పుస్తకం ఇవ్వాలో తెలిసిన సారు ఉన్న బడిలో గైడ్ అవసరం పడదు.

మీ పాఠ్యపుస్తకం మొదటి పేజీలు ఒకసారి తిప్పండి. రచయితల పేర్ల పక్కన జెడ్పీ హైస్కూళ్ల పేర్లు కనిపిస్తాయి. పుస్తకం రాసింది కూడా బడి పంతుళ్లే. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ఇంకో అడుగు ముందుకు వేసింది. చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం పాఠాలను అంచెలంచెలుగా కార్డులుగా విడగొట్టారు. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి మెట్టు మీద వారు చదువుకునే పద్ధతి అది. తమిళనాడు ప్రభుత్వ బడులు కూడా ఆ దారి నుంచి నేర్చుకున్నాయి. తరగతి గది అనుభవం లోంచి మంచి పుస్తకం పుడుతుందని దీన్ని బట్టే తెలుస్తుంది.

మరి అనుభవం ఉన్నవారు మన బడుల్లో ఎందుకు నిలవడం లేదు? మారుమూల ఊళ్లలో చేసిన సర్వీసుకు బదిలీల్లో పాయింట్లు ఎక్కువ. ఆ పాయింట్లతో టీచరు చేసే మొదటి పని ఆ ఊరు వదలడం. పట్నంలో ఇంటి అద్దె భత్యం ఎక్కువ, తన పిల్లల చదువుకూ వీలు. ఎనిమిదేళ్లు నిండితే ఉండాలనుకున్నా బదిలీ తప్పదు. గురుకులాల్లో కాంట్రాక్టు, పార్ట్‌టైం టీచర్లు డీఎస్సీ రాగానే వెళ్లిపోతారు. వారిని తప్పుపట్టలేం. కొందరు సీనియర్లు డెప్యుటేషన్ మీద ఆఫీసులకు పోతారు. బడిలో ఉన్నవారికి పాఠం కంటే ఆన్‌లైన్ వివరాలు నింపడమే ఎక్కువ పని అవుతోంది. పైగా 2021లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ పదవీ విరమణ వయసు పెంచడంతో కొంతకాలం ఆగిన రిటైర్మెంట్లు 2024 నుంచి మళ్లీ మొదలయ్యాయి.

2024లో తెలంగాణ 11,062 పోస్టులకు, 2025లో ఆంధ్రప్రదేశ్ 16,347 పోస్టులకు డీఎస్సీ జరపడం సంతోషమే. వారిలో మన హాస్టళ్ల నుంచి వెళ్లినవారూ ఉంటారు. కానీ కొత్తవారికి దారి చూపే పాతవారు అదే బడిలో ఉండాలి కదా!

సీనియర్లందరూ మంచి టీచర్లేనా అని మీరు అడగవచ్చు. కాదు. సీనియారిటీ వేరు, అనుభవం వేరు. ఇరవై ఏళ్లు ఒకే నోట్సు చెప్పినవారికి ఉన్నది సీనియారిటీ మాత్రమే. ఇప్పుడున్న 6, 12, 18, 24 ఏళ్ల స్కేళ్లు సర్వీసును లెక్కిస్తాయి గానీ తరగతి గదిలో చేసిన పనిని లెక్కించవు. లోపం అక్కడే ఉంది.

బదిలీలు ఆపమని నేను అనడం లేదు, అది టీచర్ల హక్కు. నేను కోరేది నాలుగు మాటలే. బదిలీ అయినా విద్యాసంవత్సరం మధ్యలో వదిలించకూడదు. వెళ్లే టీచరు ఏ పాఠం దగ్గర ఏ పిల్లవాడు ఆగాడో రాసి కొత్త టీచరుకు అప్పజెప్పాలి. హాస్టళ్లు ఉన్న ఊళ్లలో ఇష్టపడి నిలిచే అనుభవజ్ఞులకు పట్నంతో సమానమైన అద్దె భత్యం ఇవ్వాలి. పుస్తకం మార్చే ముందు, మార్చిన ఏడాది తర్వాత, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో టీచర్ల అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి.

ప్రభుత్వం చేసేది ప్రభుత్వం చేస్తుంది. మన వంతు సంగతి ఏమిటి? పూర్వ విద్యార్థుల్లో రిటైరైన టీచర్లు చాలామంది ఉన్నారు. అన్నలారా, అక్కలారా! వారానికి రెండు సాయంత్రాలు మన స్టడీ అవర్‌కు రండి. కొత్తగా టీచరైన తమ్ముళ్లు, చెల్లెళ్లు మొదటి పోస్టింగు ఏ ఊళ్లో వచ్చినా, అక్కడి హాస్టల్ పిల్లల పేర్లు ముందు తెలుసుకోండి. వార్షికోత్సవానికి ఏదైనా ఇవ్వాలనుకునేవారు గైడ్లు ఇవ్వకండి, నిఘంటువులు, కథల పుస్తకాలు ఇవ్వండి.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న చిన్నవాళ్లకు ఒక మాట. మీ బడిలో పాత సారు, పాత మేడమ్ ఇంకా ఉన్నారా? ఉన్నన్నాళ్లూ సిగ్గుపడకుండా అడగండి. అర్థం కాని పేజీ మూల మడిచిపెట్టి, రేపు పొద్దున్నే వారి ముందు తెరవండి.