ఉసిరి నీడ, ఒకే బంతి

కార్తికం వచ్చిందంటే మా గుంటూరు సీమలో వనభోజనాల సందడి. మిరప పూతకొస్తుంది, పత్తి తీతలు మొదలవుతాయి. కొందరు కోటప్పకొండకు, కొందరు ఊరి తోటలకు బయలుదేరుతారు. కిందటేడు మా అపార్టుమెంటువారు మాత్రం ఆవరణలోనే కానిద్దామన్నారు.

"చెట్టేదండీ?" అంది మా ఆవిడ. నేలంతా బండలు పరిచేశాం మరి! షామియానా వేసి, కుండీలో ఉసిరికొమ్మ గుచ్చాం. చేతులు కడుక్కోవడానికి అందరూ మెట్లెక్కి ఇళ్లకు పరుగులు.

మర్నాడే నలుగురం కూర్చున్నాం. నాలుగు బండలు లేపి ఉసిరి అంటు నాటాలి. కార్తికంలో పొద్దు దక్షిణానికి వాలుతుంది గనుక మధ్యాహ్నం నీడ ఉత్తరాన పడుతుంది. కూర్చునే చోటు అటే వదలాలి. వడ్డించేవారికి వరుసల మధ్య 4 అడుగులు. మోకాళ్లు వంగని పెద్దలకు ఓ అరుగు. పక్కనే కుళాయి, ఆ నీళ్లు అరటిచెట్టుకు. ఎంగిలి విస్తళ్లకు ఎరువుగుంట.

"మరి వాచ్‌మన్ పిల్లలో?" అంది మా ఆవిడ.

ఆ రోజు వాళ్లు మెట్లకింద కూర్చుని తిన్నారు. ఎవరికీ నోరు పెగల్లేదు. ఇప్పుడు వనభోజనాలు కులానికొకటిగా జరుగుతున్నాయి. మన వాకిట్లోనైనా బంతి ఒక్కటిగా ఉండొద్దూ?

అంటు కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పట్టవచ్చు. ఒకే బంతికి అంత వ్యవధి దేనికి? ఈ కార్తికం చాలు.